డ్రయర్ తిరిగితేనే వెలిగే హాల్ లైటు: పాత ఎక్స్-10 ఇంట్లో తప్పు ఎక్కడ వెతకాలి

మీరు రాసినదాన్ని నాకు అర్థమైనట్టు ముందు ఒకసారి చెప్పుకుంటాను. న్యూజెర్సీలో 1994లో కట్టిన ఇల్లు కొన్నారు. పాత యజమాని గోడ స్విచ్చులు, గోడ ప్లగ్గుకూ లైటుకూ మధ్య తగిలించే ప్లగ్ మాడ్యూళ్లు, బేస్‌మెంట్‌లో కంప్యూటర్‌కు తగిలించి టైమర్లు రాసుకునే సీఎం11ఏ డబ్బా, అన్నీ ఎక్స్-10వే, అంటే ఇంటి కరెంటు తీగ మీదుగానే లైట్లకు ఆదేశాలు పంపే పాత పద్ధతివే, పెట్టి వెళ్లాడు. మీ బాధలు మూడు. హాల్ లైటు రిమోట్‌కు పలకదు, బట్టల డ్రయర్ తిరుగుతున్నప్పుడు మాత్రం బుద్ధిగా పలుకుతుంది. వరండా లైటు సాయంత్రం టైమర్‌కు వారంలో మూడు నాలుగు రోజులు వెలగదు. పడకగదిలో టేబుల్ లైటు అర్ధరాత్రి దానంతట అదే వెలుగుతోంది, విజయవాడ నుంచి వచ్చిన అమ్మగారు ఇక ఆ గదిలో పడుకోనంటున్నారు. నాలుగు మాడ్యూళ్లు మార్చారు, తేడా ఏమీ కనపడలేదు.

ముందు మాడ్యూళ్లు కొనడం ఆపండి. ఇరవై ఏళ్లకు పైగా ఈ డబ్బాలతో కుస్తీ పడుతున్నాను. నా చేతికి వచ్చిన ఫిర్యాదుల్లో మాడ్యూల్ నిజంగా చచ్చిపోయినవి తక్కువ. మాట పలికినవాడి గొంతూ బాగానే ఉంటుంది, వినేవాడి చెవీ బాగానే ఉంటుంది. మధ్యలో దారే పాడవుతుంది. పైగా మీవి మూడు వేరు వేరు జబ్బులు. మూడింటికీ ఒకే మందు వెతుకుతున్నారు కాబట్టే నాలుగు మాడ్యూళ్ల డబ్బు పోయింది.

ఆ దారి గురించి కాస్త తెలిస్తే మిగతాది మీరే పట్టుకోగలరు. ఎక్స్-10 పుట్టింది 1975లో, స్కాట్లాండ్‌లోని గ్లెన్‌రోథెస్ ఊళ్లో పికో ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీలో. 1978కల్లా అమెరికాలో రేడియో షాక్, సియర్స్ దుకాణాల్లోకి వచ్చింది. అంటే దాన్ని తయారుచేసిన రోజుల్లో ఇంట్లో ఉన్నవి ఫిలమెంటు బల్బులు, ఒక టీవీ, ఒక ఫ్రిజ్. ఇంటి కరెంటు తీగలోనే 120 కిలోహెర్ట్జ్ చిన్న కూత ఒకటి కలిపి పంపుతారు. కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది కదా, ఆ ఊపులో వోల్టేజి సున్నాను దాటే క్షణంలోనే ఈ కూత వెయ్యాలి. తీగ మీద అల్లరి తక్కువగా ఉండే క్షణం అదే. కూత ఉంటే 1, లేకపోతే 0. ఒక ఊపుకు ఒక బిట్టు. చిరునామా రెండు సార్లు, ఆదేశం రెండు సార్లు, మధ్యలో మూడు ఊపుల విరామం, మొత్తం 47 ఊపులు. ఒక్క లైటు వెయ్యడానికి దాదాపు 0.8 సెకను పడుతుంది. బటన్ నొక్కాక లైటు కాసేపు ఆలోచించినట్టు అనిపించేది అందుకే.

ఇందులో ఒక లోటుంది. చాలా మాడ్యూళ్లు విని ఊరుకుంటాయి, తిరిగి జవాబు చెప్పవు. పంపినవాడికి తన మాట చేరిందో లేదో తెలియదు, కాబట్టి మళ్లీ ప్రయత్నించడు. పంపే డబ్బా దగ్గర కొన్ని వోల్టులుండే కూత అవతలి గదికి చేరేసరికి వోల్టులో పదోవంతుకు పడిపోవచ్చు, చాలా మాడ్యూళ్ల చెవికి అదే ఆఖరి హద్దు. కాలవ చివరి పొలం లాంటిది. తూము దగ్గర నీళ్లు నిండుగానే ఉంటాయి. పైన ఒకడు గండి కొట్టాడా, ఇంకొకడు మోటారు పెట్టాడా అన్నదాన్ని బట్టి చివరి పొలానికి తడి అందుతుంది. పైన ఎవరూ వాడుకోని రోజు చివరి పొలమూ పండుతుంది. “ఒక్కోసారి పని చేస్తుంది, ఒక్కోసారి చెయ్యదు” అనే మీ ఫిర్యాదుకు అర్థం అదే. పని చేసినప్పుడు ఇంట్లో ఇంకేమేం నడుస్తున్నాయి అన్నది ఒక కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టండి. ఏ మీటరూ చెప్పనిది ఆ కాగితం చెబుతుంది.

ఇక హాల్ లైటు. మీరు డ్రయర్ సంగతి రాయడమే మంచిదైంది, ఎందుకంటే అది పుస్తకంలో బొమ్మలా ఉన్న కేసు. అమెరికా ఇళ్లకు వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రెండు హాట్ వైర్లు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఒక్కో హాట్‌కు, న్యూట్రల్‌కు మధ్య 120 వోల్టులు, రెండు హాట్‌ల మధ్య 240. వీటిని రెండు లెగ్‌లు అంటారు. ఇంట్లో సగం బ్రేకర్లు ఒక లెగ్ మీద, సగం రెండో లెగ్ మీద ఉంటాయి. రిమోట్ మాట వినే రిసీవర్ ఒక లెగ్ మీద, హాల్ స్విచ్చి రెండో లెగ్ మీద ఉంటే, ఆ కూత ఇంట్లో దాటడానికి దారి లేదు. బయటకు వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట దాటి, రెండో తీగ మీద మళ్లీ లోపలికి రావాలి. అంత తిరిగి వచ్చేసరికి దాని ప్రాణం పోతుంది.

ఎలక్ట్రిక్ డ్రయర్‌లో వేడి చేసే కాయిల్ రెండు హాట్‌ల మధ్య ఉంటుంది. అది వేడెక్కుతున్నంతసేపు రెండు లెగ్‌ల మధ్య వంతెన వేసినట్టే, కూత దాని మీదుగా దాటేస్తుంది. ఇంకో తమాషా ఏమిటంటే, డ్రయర్ తిరుగుతున్నా లోపల థర్మోస్టాట్ కాయిల్‌ను ఆపిన నిమిషంలో వంతెన తెగిపోతుంది. “డ్రయర్ తిరుగుతున్నా ఒక్కోసారి పలకలేదు” అని మీరు చివర్లో రాసింది అదే. ఓవెన్ వేసి చూడండి, ఎలక్ట్రిక్ ఓవెనైతే ఇదే జరుగుతుంది.

నిర్ధారించుకోవడానికి మీటరు తీసి రెండు గదుల ప్లగ్గుల మధ్య వైర్లు లాగవద్దు. 240 వోల్టులతో ఆట అనవసరం. బ్రేకర్ ప్యానెల్ తలుపు మాత్రం తెరవండి, లోపలి మెటల్ మూత విప్పవద్దు. మామూలు ప్యానెల్‌లో పై నుంచి కిందికి వరసలు ఒకటి విడిచి ఒకటి లెగ్ మారుతుంటాయి. ఒకే వరసలో ఎడమా కుడీ ఉన్నవి ఒకే లెగ్. హాల్ బ్రేకర్ మూడో వరసలో, రిసీవర్ ఉన్న గది బ్రేకర్ ఆరో వరసలో ఉంటే అవి వేరు లెగ్‌లు. సన్నగా ఒకే అరలో జంటగా ఉండే బ్రేకర్లుంటే వాటి నంబర్లను కాకుండా అరలనే లెక్కపెట్టండి. ఆ జంటలో రెండూ ఉన్నది ఒకే లెగ్ మీద.

మందు కప్లర్. చిన్న డబ్బా, రెండు హాట్‌ల మధ్య ఉండి 60 హెర్ట్జ్ కరెంటును ఆపి, 120 కిలోహెర్ట్జ్ కూతను దాటిస్తుంది. రెండు రకాలున్నాయి. ఒకటి ఊరికే దాటించేది. రెండోది రిపీటర్, అది మొదటి ప్రతిని విని, అదే సందేశం రెండో ప్రతి వస్తున్న సమయానికి తన బలంతో కలిపి అరుస్తుంది. ఇల్లు మూడు వేల చదరపు అడుగులు దాటితే నేను రిపీటరే వేస్తాను. చిన్న ఇంటికి మొదటిది చాలు. ప్యానెల్‌లో వేసేదైతే దానికి రెండు పోల్‌ల బ్రేకర్, అంటే రెండు లెగ్‌లనూ పట్టుకునేది, కావాలి, ఆ పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. మెయిన్ బ్రేకర్ ఆపినా దానికి పైనున్న లగ్గుల్లో, అంటే వీధి నుంచి వచ్చే వైర్లు బిగించే చోట, కరెంటు అలాగే ఉంటుంది. ఇది తెలియక స్క్రూడ్రైవర్ పెట్టినవాళ్లు ఉన్నారు. డ్రయర్ ప్లగ్గుకూ సాకెట్టుకూ మధ్య తగిలించే కప్లర్లు కూడా ఉండేవి. పాత సామాను అమ్మే చోట్ల దొరికితే అది మీరే పెట్టుకోవచ్చు.

వరండా లైటుది వేరే కథ, కాస్త ఓపిక కావాలి. ముందు టైమర్ అసలు ఆదేశం పంపుతోందా అన్నది తేల్చండి. సీఎం11ఏ పక్కనే, అదే ఔట్‌లెట్‌లో, ఒక అప్లయన్స్ మాడ్యూల్‌ను వరండా కోడ్ పెట్టి తగిలించండి. దానిలో రిలే ఉంటుంది కాబట్టి ఆదేశం అందితే ‘టక్’ మని గట్టిగా చప్పుడు చేస్తుంది. సాయంత్రం అది టక్ మని, వరండా వెలగకపోతే దారిదే తప్పు. అదీ పలకకపోతే గడియారం తప్పో, వేసవికి గంట ముందుకు జరపడం మరచిపోయిందో, ముందు అది సరిచెయ్యండి. ఒక్క మాట, సీఎం11ఏను యూపీఎస్‌కు గానీ సర్జ్ ప్రొటెక్టర్ పట్టీకి గానీ తగిలించి ఉంటే ఇవాళే పీకి గోడకు నేరుగా పెట్టండి. ఖరీదైన వస్తువు కదా అని దాన్ని యూపీఎస్ మీద పెట్టడం అందరూ చేసే తప్పు, నేనూ చేశాను. నోటికి గుడ్డ కట్టి మాట్లాడమన్నట్టే.

సాయంత్రమే ఎందుకు పలకదు అంటే, సాయంత్రం మీరు ఇంట్లో ఉంటారు కాబట్టి. టీవీ, సౌండ్ బార్, లాప్‌టాప్ చార్జర్లు, గేమ్ డబ్బా, ఎల్‌ఈడీ బల్బులు అన్నీ అప్పుడే మేలుకుంటాయి. ఇవి రెండు రకాలుగా చెడుపు చేస్తాయి. కొన్ని కూతను మింగేస్తాయి. కొన్ని తామే రొద పెడతాయి.

మింగేవాటి సంగతి లెక్క వేస్తే తేలుతుంది. చార్జర్లలో, పవర్ పట్టీల్లో హాట్‌కు, న్యూట్రల్‌కు మధ్య ఒక కెపాసిటర్ ఉంటుంది. అది లోపలి రొద బయటకు పోకుండా పెట్టింది, వాళ్ల తప్పు కాదు. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ 60 హెర్ట్జ్‌కు దాదాపు 26,500 ఓములుగా కనపడుతుంది, అంటే కరెంటుకు అది లేనట్టే. 120 కిలోహెర్ట్జ్‌కు అదే కెపాసిటర్ 13 ఓములు. మన కూతకు అది గండి. 0.47 అయితే మూడు ఓములు కూడా ఉండదు. ఇలాంటివి ఇంట్లో పదో పన్నెండో ఉన్నాయనుకోండి, ఇక చివరి పొలానికి ఏం అందుతుంది? పైగా వీటిలో చాలావాటికి స్విచ్చి ఆపినా లాభం లేదు. ప్లగ్ గోడకు ఉన్నంతసేపు మింగుతూనే ఉంటాయి. టీవీ ఆపి “టీవీది కాదండీ తప్పు” అని చెప్పేవాళ్లకు నా జవాబు ఒకటే: ఆపడం కాదు, పీకండి.

వెతికే పద్ధతి ఇది. ఒక ఆదివారం ఉదయం పెట్టుకోండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే సగంలో ఎవరో వైఫై పోయిందని అరుస్తారు. కంప్యూటర్లు సరిగ్గా షట్‌డౌన్ చెయ్యండి. ప్యానెల్ దగ్గర, పంపే డబ్బా ఉన్న బ్రేకరు, వరండా బ్రేకరు తప్ప మిగతావన్నీ ఆపెయ్యండి. ఇప్పుడు వరండా పదికి పది సార్లు పలకాలి. పలకకపోతే ఆ రెండు సర్క్యూట్లలోనే మింగుడు వస్తువు ఉంది, లేదా రెండూ వేరు లెగ్‌ల మీద ఉన్నాయి. పలికితే బ్రేకర్లు ఒక్కొక్కటే వేస్తూ, వేసిన ప్రతిసారీ అయిదు సార్లు పరీక్షించండి. ఎక్కడ తప్పడం మొదలైందో ఆ గదికి వెళ్లి ప్లగ్గులు ఒక్కొక్కటే పీకండి. ఒక్కసారి ఒక్క మార్పే. తొందరపడి రెండు కలిపి పీకితే మళ్లీ మొదటికి వస్తారు. చాలా ఇళ్లలో దోషి ఒక్కరు కాదు. పదిలో నాలుగు సార్లు పలికేది ఒకటి తీస్తే ఏడు సార్లు, ఇంకొకటి తీస్తే పది సార్లూ పలుకుతుంది. అందుకే “పలికిందా లేదా” అని కాకుండా “పదిలో ఎన్ని” అని రాసుకోమంటున్నాను. సిగ్నల్ బలం చూపించే మీటర్లు ఉండేవి, ఎల్క్ వారి ఈఎస్ఎం1 లాంటివి. పాతది దొరికితే కొనండి, దొరకకపోయినా బ్రేకర్ పద్ధతితో పని అవుతుంది.

దోషి దొరికాక దాన్ని పారెయ్యక్కర్లేదు. గోడకూ దానికీ మధ్య ప్లగ్-ఇన్ ఫిల్టర్ ఒకటి పెడితే చాలు. ఎక్స్-10 వాళ్లదే ఎక్స్‌పీపీఎఫ్ 5 ఆంపియర్లది, అంటే 120 వోల్టుల దగ్గర 600 వాట్లు. టీవీ, దాని చుట్టూ ఉన్న పరివారమంతా ఒక పట్టీ మీద పెట్టి ఆ పట్టీని ఫిల్టర్‌కు తగిలించండి. హీటరో ఇస్త్రీపెట్టో మాత్రం దాని మీద పెట్టవద్దు.

రొద పెట్టేవాటిని పట్టుకోవడం ఇంకొంచెం కష్టం, ఎందుకంటే అవి వేరే గదిలో ఉండి కూడా ఇల్లంతా చెవుడు తెప్పిస్తాయి. మా ఇంట్లో జరిగింది చెబుతాను. రెండేళ్ల పాటు, ప్రతి ఏటా దసరాకు ముందు బాగున్న వరండా లైటు దసరా నుంచి దీపావళి దాటేదాకా మొండికేసేది. చలి మొదలైంది కదా, తీగలు ముడుచుకుంటున్నాయేమో అని కూడా అనుకున్నాను, ఇంజనీరు చదువు చదివిన నేను! చివరికి తేలిందేమిటంటే పూజ గదిలో దేవుడి పటాల చుట్టూ వేసిన సీరియల్ లైట్లు. వాటి అడాప్టర్ చవకబారుది, పేరు కూడా లేదు. అది 120 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కలే నిరంతరం కూస్తోంది. మాడ్యూల్ చెవికి అంతా ఒకటే హోరు, అందులో మన మాట ఏది, దాని గోల ఏది అని ఎలా తెలుస్తుంది? పండగ అయ్యాక లైట్లు పెట్టెలోకి పోయేవి, జబ్బు దానంతట అదే తగ్గేది. అడాప్టర్ మార్చాను, అంతటితో తీరింది. మీ కాగితంలో తేదీలు కూడా రాయమనేది ఇందుకే.

ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీని స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుపుతున్నామని రాశారు. పచ్చడి రుబ్బుతున్నంతసేపు బ్రష్షుల మోటారు రొద పెడుతుంది, నిజమే. ఆ రెండు నిమిషాలు రిమోట్ నొక్కకండి, దానికి ఫిల్టర్లు కొనడం దండగ. గరాజ్‌లో కారు చార్జర్ గానీ, పైకప్పు మీద సోలార్ ఇన్వర్టర్ గానీ పెట్టించుకుంటే మాత్రం సంగతి వేరు. అవి 240 వోల్టుల మీద, రెండు లెగ్‌లనూ పట్టుకుని ఉంటాయి, గంటల తరబడి నడుస్తాయి. వాటికి ప్లగ్ ఫిల్టర్ పనికిరాదు.

ఇక అమ్మగారి గది లైటు. అది అప్లయన్స్ మాడ్యూల్ మీద ఉందని, బల్బు ఎల్‌ఈడీ అని రాశారు కాబట్టి నా అనుమానం నేరుగా ‘లోకల్ కంట్రోల్’ అనే సదుపాయం మీదకు పోతుంది. లైటుకున్న సొంత స్విచ్చిని ఒకసారి ఆపి వేస్తే మాడ్యూల్ అది గమనించి దానంతట అదే ఆన్ అవ్వాలి, ఇదీ వాళ్ల ఆలోచన. గమనించడానికి ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా బల్బు గుండా సన్నటి కరెంటు పంపిస్తూ ఉంటుంది. ఫిలమెంటు బల్బుకు అది తెలియను కూడా తెలియదు. ఎల్‌ఈడీ బల్బులో కెపాసిటర్ ఆ కరెంటుతో మెల్లగా నిండి, ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. “ఓహో, ఎవరో స్విచ్చి వేశారు” అనుకుని మాడ్యూల్ లైటు వేసేస్తుంది. చీకట్లో ఆ బల్బును గమనించండి, ఆఫ్‌లో ఉన్నా సన్నగా మిణుకుమంటుంటే ఇదే కారణం. రెండు తలల ప్లగ్ ఒకటి పెట్టి, టేబుల్ లైటు పక్కనే 7 వాట్ల ఫిలమెంటు బెడ్ ల్యాంప్ ఒకటి అదే మాడ్యూల్‌కు తగిలించండి. సన్నటి కరెంటు దాని గుండా పోతుంది.

మిణుకు లేకపోతే రెండో అనుమానం పక్కింటివాళ్లు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద మామూలుగా కొన్ని ఇళ్లుంటాయి, వాటి కూతలు మీ ఇంట్లోకి రావచ్చు. రిమోట్ రేడియో కూడా గోడలు దాటుతుంది, తాళమూ చెవీ లేవు. మొత్తం కోడ్‌లు 256, ఏ నుంచి పీ దాకా 16 హౌస్ కోడ్‌లు, ఒక్కోదానిలో 16 నంబర్లు. డబ్బాలోంచి తీయగానే మాడ్యూల్ ఏ1 మీద ఉంటుంది. చాలామంది దాన్ని మార్చరు. మీదీ ఏ1 అయితే జే కో ఎల్ కో మార్చండి. స్విచ్చులు, రిమోట్, దాని రిసీవర్, సీఎం11ఏలో రాసిన టైమర్లు, అన్నిటిలోనూ మార్చాలి, ఒకటి మరచిపోతే ఇంకో ప్రశ్న రాయాల్సి వస్తుంది.

ఒక హెచ్చరిక కూడా. ఆ ఇంట్లోని డబ్ల్యూఎస్467 గోడ స్విచ్చులు, ఎల్ఎం465 ల్యాంప్ మాడ్యూళ్లు డిమ్మర్లు. వాటిని చేసింది ఫిలమెంటు బల్బుల కోసం. ఆ స్విచ్చికి న్యూట్రల్ వైరు లేదు, బల్బు గుండానే తన కరెంటు తెచ్చుకుంటుంది, కనీసం 60 వాట్ల బల్బు ఉండాలి. హాల్‌లో 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టి ఉంటే కప్లర్ వేశాక కూడా సగం తిప్పలు మిగులుతాయి. ఫ్యాన్‌నో టీవీనో ల్యాంప్ మాడ్యూల్‌కు తగిలించకండి, కాలిపోతాయి.

ఇంత చేసి ఈ పాత సరుకును నిలబెట్టాలా అని అడిగారు. కప్లర్ ఒకటి, ఫిల్టర్లు రెండు మూడుతో పని జరిగితే నిలబెట్టండి. అయిదారు ఫిల్టర్లు దాటుతుంటేనో, కారు చార్జర్ వచ్చే ఏడాది పెట్టించే ఆలోచన ఉంటేనో, ఆ డబ్బు రేడియో స్విచ్చుల మీద పెట్టమంటాను. కరెంటు తీగనూ రేడియోనూ కలిపి వాడిన ఇన్‌స్టియాన్ 2005లో వచ్చి చాలామందిని ఆదుకుంది. 2022 ఏప్రిల్‌లో కంపెనీ చెప్పాపెట్టకుండా సర్వర్లు ఆపేసింది, తర్వాత వాడకందార్లే కొందరు కలిసి కొనుక్కుని నిలబెట్టారు. ఆ దెబ్బ తర్వాత నేను ఏది కొన్నా ఇంటర్నెట్ లేకుండా నడుస్తుందా అని ముందు చూస్తున్నాను. జడ్-వేవ్, జిగ్‌బీ అనే రేడియో పద్ధతుల స్విచ్చుల్లో చాలావాటికి న్యూట్రల్ కావాలి. అమెరికా విద్యుత్ నియమావళి స్విచ్ బాక్సుల్లో న్యూట్రల్ ఉండాలన్నది 2011లో, మీ ఇల్లు 1994ది. కాబట్టి కొనేముందు బ్రేకర్ ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకుని, హాల్ స్విచ్ విప్పి వెనక తెల్ల వైర్ల కట్ట (అదే న్యూట్రల్) ఉందో లేదో చూడండి. తెల్ల వైరు ఒక్కటే వచ్చి స్విచ్చికే కలిసి ఉంటే అది చాలా ఇళ్లలో న్యూట్రల్ కాదు, హాట్‌గా వాడుకున్నది. అలాంటి బాక్సుకు లూట్రాన్ కసేటా డిమ్మర్ సరిపోతుంది, దానికి న్యూట్రల్ అక్కర్లేదు.

మొదట బెడ్ ల్యాంప్ పెట్టండి, అయిదు నిమిషాల పని, అమ్మగారు ఇవాళ రాత్రే పడుకుంటారు. తర్వాత ప్యానెల్‌లో హాల్ ఏ వరసో, రిసీవర్ గది ఏ వరసో చూసి రాయండి.